చెరువు పచ్చ, కంటి పచ్చ

ఆదివారం, పగలు పన్నెండు దాటి పది నిమిషాలు. గవర్నర్‌పేటలో ఒక మేడ మీది హాలు. గోడ గడియారం సరిగ్గా బొమ్మ పక్కనే ఉంది గనుక టైములో నాకు అనుమానం లేదు. ఆ నిమిషాన నా తమ్ముడి కంట్లో పచ్చ కనపడింది. తమ్ముడి కంట్లో కాదు, గోడకున్న తమ్ముడి బొమ్మ కంట్లో. తమ్ముడు నా పక్కనే నిలబడి వేయించిన బఠాణీలు నములుతున్నాడు.

రోజుతో గంటతో సహా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జనం ఈ సంగతిని తిరగేసి చెప్పుకున్నారు. బొమ్మ వేసినమ్మాయి కంట్లో పచ్చ పెట్టింది, పెట్టాకే మనిషి పచ్చబడ్డాడు అన్నారు. మా తమ్ముడుండే లంకలో ఇప్పటికీ ఆ మాటే అంటున్నారు. అక్షరాలు రానప్పుడైతే వెళ్ళి గట్టు మీద నిలబడి అరిచేదాన్ని. ఇప్పుడొచ్చాయి కాబట్టి రాస్తున్నాను. వాడు ఉంటాడా పోతాడా అన్నదొక్కటే ఆ రోజు నుంచి మా ఇంట్లో మాట. మిగతాదంతా దాని చుట్టూ తిరిగిందే.

నేను చేపలమ్మిన మనిషిని. పుట్టింది కొల్లేటి లంకలో, మెట్టింది గుణదలలో, నోరు పెరిగింది వన్ టౌన్‌లో. మోకాళ్ళు అరిగి బుట్ట దించేశాక, మా గుడిలో ఒక సిస్టరుగారు ఆడవాళ్ళకి చదువు చెబుతుంటే పోయి కూర్చున్నాను. నా పక్కన కూర్చున్నవాళ్ళు నా కోడలి ఈడు వాళ్ళు. నవ్వారు. నవ్వుకోండి అన్నాను. ఇప్పటికీ వేలు పెట్టి చదువుతాను. వేలు తీస్తే అక్షరాలు చేపపిల్లల్లా చెదిరిపోతాయి. ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, అదేంటో నిర్ధారణ చేసుకుని, పక్కదాని దగ్గరకి పోతాను. బస్సు బోర్డు చదివేలోపు బస్సు వెళ్ళిపోతుంది.

మా మేడ మీది గది ఖాళీ అయినప్పుడు ఒకమ్మాయి వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. ఏం చేస్తావంటే బళ్ళో డ్రాయింగ్ టీచర్ని, పెయింటర్ని అంది.

"పెయింటరువా? అయితే బోర్డులు రాస్తావా? మా గేటుకి ఇంటిపేరు రాయించాలి."

"నేను అక్షరాలు రాయనండీ మామ్మగారూ. బొమ్మలు వేస్తాను."

"అక్షరాలు నేర్చుకోడానికి నాకు ఇంత వయసొచ్చింది. నీకొచ్చి కూడా రాయవా?"

నవ్వింది. ఇల్లిచ్చాను. గేటు మీద పేరు ఇప్పటికీ లేదు.

ఆ అమ్మాయి గది నిండా గోడకానించిన బొమ్మలు. మా ఇంట్లో పటాలున్నాయి, మరియమ్మ తల్లి పటం, ఏసుప్రభువు హృదయం పటం. పటమంటే మొక్కేది. చెయ్యి ఆనించి, ఆ చెయ్యి ముద్దుపెట్టుకుని, పనిలోకి పోయేది. అంతేగానీ ఎదురుగా నిలబడి చూస్తూ ఉండటం ఏంటి? మరియమ్మ తల్లి పటంలో తల మీది దుప్పటి అంచు ఏ రంగని అడిగితే నాకు తెలియదు, పుట్టినప్పటి నుంచి మొక్కుతున్నాను. ఆ మాట ఆ అమ్మాయితో అంటే, "ఒకసారి వెళ్ళి చూసి రండి" అంది. దిగి చూశాను. బంగారు రంగు అనుకున్నది గోధుమ రంగు. అంచు దగ్గర చిన్న చిరుగు కూడా గీసి ఉంది. ఎవడు గీశాడో, ఎందుకు గీశాడో. అన్నేళ్ళూ నా ముందే ఉంది.

అక్కడ మొదలైంది. సెలవు రోజు ఎక్కడ బొమ్మలు పెట్టినా నన్ను ఆటో ఎక్కించి తీసుకెళ్ళేది. నాకేమో చూడటం రాదు. లోపలికి పోగానే బొమ్మ కింద అంటించిన చీటీ దగ్గరకి పోయి వేలుపెట్టి చదివేదాన్ని. మొదటి చీటీ మీద "శీర్షిక లేదు" అని ఉంది.

"శీర్షిక అంటే ఏంటే?"

"పేరండీ."

"పేరు లేకుండానే జ్ఞానస్నానం ఇచ్చేశారా దీనికి?"

అక్కడున్న లెక్చరర్ గారొకాయన దగ్గి అటు తిరిగాడు. అమ్మాయి మాత్రం నా చెయ్యి పట్టుకుని చీటీ మీద నుంచి తీసి బొమ్మ వైపు పెట్టింది. "చీటీని ఎలా చదువుతున్నారో దీన్ని కూడా అలాగే చదవండి మామ్మగారూ. ఎడమ పక్క పైనుంచి మొదలుపెట్టి. తొందరేం లేదు."

తాకకుండా, గాల్లో వేలు పెట్టి చదివాను. అది ఊకబూడిదతో వేసిన బొమ్మట. బందరు వైపు కుర్రాడు వేశాడట. మనిషి ఎత్తున నల్లగా ఉంది, ఇంకేం లేదు. ఇదేం బొమ్మ, పొయ్యి వెనక గోడ కూడా ఇలాగే ఉంటుంది అనుకున్నాను. వేలు సగం దాకా వచ్చేసరికి నలుపులో ఇంకో నలుపు విడివడింది. అది గట్టు. దాని కింద నీళ్ళు. ఇంకా కిందికి వస్తే నీళ్ళలో ఒక తల. మెడ దాకా మునిగిన మనిషి తల. అటు తిరిగి ఉన్నాడు. నేను లోపలికి వచ్చినప్పటి నుంచీ ఉన్నాడు. వేలు వెనక్కి తీసుకున్నాను. ఆ వెనకాలే కాలేజీ పిల్లలు వచ్చి, "బ్లాక్ అంతే" అని ఫోటో తీసుకుని పోయారు. వాళ్ళకి ఆ మనిషి కనపడలేదు. కనపడకపోవటమే మంచిదేమో అనిపించింది.

ఇంకోసారి పెడన అద్దకాల్లో పాడైపోయిన గుడ్డముక్కలు కుట్టి గోడంత దుప్పటి చేసిన ఆవిడ పని చూశాను. బాగుంది బాగుంది అంటూ వేలు జరుపుతుంటే, ఒక మూల ఎర్రరంగు అద్దకం కాదు, మరక. అడిగితే సూది గుచ్చుకున్న నెత్తురట, కడగకుండా ఉంచిందట. అప్పటికి నాకొకటి అర్థమైంది. నెమ్మదిగా చూస్తే బొమ్మ తన దగ్గరున్నది ఇస్తుంది. ఇచ్చేది మంచిదే అవ్వాలని లేదు. అయినా పోవటం మానలేదు.

ఇక నా తమ్ముడి సంగతి. కొల్లేటి వైపు చేపల చెరువుల మీద కాపలా, మేత వేయటం వాడి పని. నాలాగే మరియమ్మకి మొక్కుతూ పెరిగినవాడు, కానీ పెళ్ళయ్యాక పెళ్ళాం సంఘంలోకి పోయాడు. మా మరదలు వాళ్ళు బొమ్మలకి మొక్కని క్రైస్తవులు. నెలకో ఆదివారం ఆరాధన అయ్యాక చేపలు పట్టుకుని వస్తారు. వాడు గుమ్మంలోకి రాగానే, "మీ గుణదల కొండ మీది అమ్మగారు బాగున్నారా అక్కా" అంటాడు. "నీకంటే బాగుందిరా, రోజూ దండలు వేస్తున్నారు" అంటాను. మరదలు మాత్రం నవ్వదు. "వదినా, విగ్రహాల మీద పరాచికాలు కూడా వద్దు" అంటుంది.

మేడ మీదమ్మాయి వాడిని చూసింది. బొమ్మ వేస్తాను, కూర్చుంటారా బాబాయ్ గారూ అని అడిగింది.

"అదేంటి, మా అక్క మామ్మ, నేను బాబాయినా?" అని వాడు మురిసిపోయాడు. "చూశావా అక్కా. కళ్ళున్న పిల్ల."

కళ్ళున్న పిల్లే. సెలవులకి బస్సెక్కి చెరువు దగ్గరకి పోయేది. పొద్దున ఎండలో, పంపుషెడ్డు ముందు మేత బస్తా మీద వాడిని కూర్చోబెట్టి వేసేది. చలి తగ్గే రోజుల్లో మొదలుపెట్టి ఎండాకాలం కాలవలు కట్టేసే దాకా వేసింది. వాడు వచ్చినప్పుడల్లా కథలు చెప్పేవాడు. "నల్లద్దాలు తియ్యమంటుంది, కదలకూడదంటుంది. ముక్కు మీద ఈగ వాలినా కదలకూడదట. నా మొహంలో ఆవిడకి ఏం దొరికిందో, నా పెళ్ళాం కూడా అంతసేపు చూడలేదు."

"చూడటానికి ఏముందని," అంది మరదలు.

"ఉందట. రంగులున్నాయట."

అప్పటికే వాడు చిక్కిపోయాడు. చెరువు పని, ఎండ అనుకున్నాం. ఒళ్ళంతా గోక్కుంటుంటే మేతలో కలిపే మందు పడలేదనుకున్నాం. ఎండ పొడకి నల్లద్దాలు పెట్టుకునేవాడు, ఇంట్లో కూడా తీసేవాడు కాదు, సినిమా హీరోవా తియ్యరా అంటే తీసి నెత్తి మీద పెట్టుకునేవాడు. అయినా మన మనిషిని మనం ఎక్కడ చూస్తాం? వచ్చాడా లేదా చూస్తాం, తిన్నాడా లేదా చూస్తాం. పటాన్ని చూసినట్టే.

బొమ్మ సగంలో ఉండగా అమ్మాయి దాన్ని మేడ మీద గదికి తెచ్చింది. పోయి చూశాను. మొహం మటుకు వాడిదే. నవ్వబోయి ఆగిన మొహం. కళ్ళ దగ్గర వేలు ఆగింది.

"కంట్లో ఈ పచ్చేంటి అమ్మాయ్?"

"అదాండీ, చెరువు. ఎదురుగా చెరువుంది కదా, ఆ నీళ్ళ రంగు కళ్ళల్లో పడింది."

ఆ మాటకి నాకు సంతోషమైంది. చెరువు పచ్చగా ఉంటే మావాళ్ళకి శుభం. ఎరువు వేసి, తవుడు వేసి నీళ్ళు పచ్చబడేదాకా చూస్తారు. పచ్చబడితే చేపకి మేత పుట్టినట్టు. మరీ పచ్చబడితే ప్రమాదం, తెల్లారేసరికి చేపలన్నీ గాలాడక పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఎక్కడ ఆపాలో నా తమ్ముడికి తెలుసు. వాడి బతుకంతా నీళ్ళ పచ్చ చూడటమే. అది వాడి కళ్ళల్లోకి రావటం సబబుగానే ఉందనుకుని మెట్లు దిగాను.

ఇక ఆ ఆదివారం. ఇద్దరు ముగ్గురు కొత్త పెయింటర్లతో కలిపి ఈ అమ్మాయి బొమ్మలు కూడా గవర్నర్‌పేట హాల్లో పెట్టారు. గుడిలో పూజ అయ్యాక నేను వెళ్ళాను. తమ్ముడూ మరదలూ వాళ్ళ ఆరాధనకి పోకుండానే మొదటి బస్సుకి వచ్చారు. అది మరదలికి కోపం. హాల్లోకి రాగానే, "బొమ్మల కోసం ఆరాధన మాన్పించారు వదినా" అంది.

"నీ మొగుడి బొమ్మే. మొక్కనక్కర్లేదు, చూడు చాలు."

తమ్ముడు వాడి బొమ్మ పక్కన నిలబడి నడుము మీద చెయ్యి పెట్టి ఫోటో దిగాడు. వచ్చినవాళ్ళకల్లా, "నేనేనండీ" అని చెప్పుకుంటున్నాడు. చీటీ మీద "గట్టు మీద మనిషి" అని ఉంది. ఈసారి చీటీ ఎక్కువసేపు చదవలేదు. ఎడమ పక్క పైనుంచి మొదలుపెట్టాను. ఆకాశం, పంపుషెడ్డు రేకు, వాడి జుట్టు, నుదురు. కళ్ళ దగ్గరకి వచ్చేసరికి వేలు మళ్ళీ ఆగింది.

పక్కనే ఇంకో బొమ్మ ఉంది. మనిషి లేడు, ఒట్టి చెరువు. అదే గట్టు, అదే పొద్దున. కంటి నుంచి వేలు చెరువు మీదకి తీసుకెళ్ళాను. చెరువు మీద నుంచి కంటికి తెచ్చాను. రెండు అక్షరాలు ఒకటేననుకుని చదువుకుపోతున్నప్పుడు సిస్టరుగారు ఆపేది, "ఘ కాదమ్మా అది, మ, మళ్ళీ చూడు" అని. అలా ఉంది. గడియారం చూశాను. చెప్పాను కదా, పన్నెండు దాటి పది.

"అమ్మాయ్, ఇటు రా. ఈ చెరువు పచ్చా, ఆ కంటి పచ్చా ఒకటేనా?"

వచ్చి చూసింది. ఒక బొమ్మ దగ్గర నుంచి ఇంకో బొమ్మ దగ్గరకి నడిచింది.

"కాదండీ. చెరువుది గ్రీన్. కంటిది ఎల్లో."

"మరి ఆ రోజు చెరువు నీడన్నావు."

"మీరు పచ్చ అంటే గ్రీన్ అనుకున్నానండీ. నల్లగుడ్డు పక్కన చిన్న గ్రీన్ ఉంది చూడండి, అది చెరువు. మీరు దాన్ని అడిగారనుకున్నాను."

మాకు పసుపు కొమ్మూ పచ్చే, వరి చేనూ పచ్చే. ఒక్క మాటతో రెండూ నడిచిపోతాయి. పుట్టినప్పటి నుంచీ నడిచిపోయాయి. ఆ రోజు ఆగాయి.

"మరి ఆ తెల్లగుడ్డులో పసుపెందుకు వేశావు?"

"ఉన్నదే వేశానండీ."

"ఎప్పటి నుంచి ఉంది?"

"నేను మొదలుపెట్టినప్పుడు ఇంత లేదు. వేసిన కొద్దీ పెరిగింది. పాత రంగు మీద మళ్ళీ మళ్ళీ కలిపాను." ఆ పిల్ల మొహం తెల్లబోయింది. "ఆయన కళ్ళు అంతే అనుకున్నాను మామ్మగారూ. నేను అంతకు ముందు ఆయన్ని చూళ్ళేదు కదా."

తమ్ముడు బఠాణీలు నములుతూనే నవ్వాడు. "కామెర్లు నీకొచ్చాయక్కా. కామెర్లోడికి లోకమంతా పచ్చేనని ఊరికే అన్నారా?"

"నోరుమూసుకుని కళ్ళు చూపించు."

అద్దాలు తీయించాను. ఏమీ తెలియలేదు. బొమ్మలు మెరవాలని పైన పసుపు బల్బులు పెట్టారు. వాటి కింద అందరి కళ్ళూ అలాగే ఉన్నాయి, నా మరదలివి కూడా. చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను. మోకాళ్ళ నొప్పి గుర్తు రాలేదు. హాల్లో ఉన్నవాళ్ళందరూ వెనకాలే దిగారు. రోడ్డు మీద, ఎండలో, ఆటోలు హారన్లు కొడుతుంటే వాడి కింది రెప్ప లాగి పట్టుకున్నాను.

"చేపను చూసినట్టు చూస్తావేంటే అక్కా, పరువు పోతోంది" అన్నాడు వాడు. కానీ కదల్లేదు. నా వేలు కింద రెప్ప అదురుతోంది.

పసుపు. బొమ్మలో ఉన్నదాని కంటే ముదురు.

మరదలు వంగి చూసింది. నోటి మీద కొంగు పెట్టుకుని "ప్రభువా" అంది. తర్వాత ఒక్కసారిగా అమ్మాయి వైపు తిరిగింది. "నువ్వు పెట్టావు అది. బొమ్మలో పెట్టావు, ఇక్కడికొచ్చింది."

మాట అక్కడ పుట్టింది. ఆ రోడ్డు మీదే.

స్కాన్ తీయిద్దాం, ఇటే పెద్దాసుపత్రికి పోదాం అని నేనన్నాను. కామెర్లకి స్కానేంటి వదినా, మా పక్కూళ్ళో పసరు పోస్తారు, ఎంతమందికి తగ్గిందో అని మరదలు. నేను ఎంత గట్టిగా అరవగలనో అంత గట్టిగానే అరిచాను. మా తమ్ముడు ఇద్దరినీ చూసి, నల్లద్దాలు పెట్టేసుకుని, "చిన్న కామెర్లకి ఊరంతా ఏకం చేస్తారా" అని పెళ్ళాంతో బస్టాండ్‌కి ఆటో ఎక్కాడు. ఆటో సందు తిరిగేదాకా ఆ పిల్లా నేనూ అక్కడే నిలబడ్డాం. ఆ పిల్ల చేతికి ఇంకా రంగు ఉంది. గోళ్ళ సందుల్లో. ఏ రంగో నేను చూడలేదు.

పసరు పోశారు. ఉప్పు లేకుండా, నూనె లేకుండా పథ్యం పెట్టారు. పసరు కూడా పచ్చదే. పథ్యం ముగిసేసరికి వాడు అరచేతుల దాకా పసుపయ్యాడు. అప్పుడు తీసుకొచ్చారు.

స్కాన్ చూసిన డాక్టరు గారు చిన్నవాడే, మెల్లగా మాట్లాడాడు. పైత్యం దిగే గొట్టం మొదట్లో గడ్డ ఉందన్నాడు. కోసి తీసే చోట లేదు, పక్కకి పాకింది అన్నాడు. ముందే తెస్తే తీయగలిగేవారా అని అడిగాను. "చెప్పలేనమ్మా" అన్నాడు. అబద్ధమాడొచ్చు, ఆడలేదు. అందుకు ఆయన మీద గౌరవం. గొట్టంలో చిన్న పైపు పెట్టారు. సెలైన్లో మందు ఎక్కించారు. కళ్ళు తెల్లబడ్డాయి. మరదలు సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పింది, ప్రభువు స్వస్థపరిచాడని. వాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొండెక్కి మొక్కు తీర్చాను. ఎవరి వాటా వాళ్ళకి పోవాలి కదా.

కానీ డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి ఒక మాట చెప్పి ఉన్నాడు. పైపు మూసుకుంటే మళ్ళీ పచ్చబడతాడు. ఒకసారి మార్చొచ్చు. రెండోసారికి ఒళ్ళు ఒప్పుకోదు. కాబట్టి కళ్ళు చూస్తూ ఉండండి అన్నాడు.

చూస్తూ ఉన్నాను. ఆసుపత్రికి దగ్గరని వాళ్ళిద్దరినీ మా ఇంట్లోనే ఉంచాను. రోజూ పొద్దున్నే గుమ్మంలో ఎండ పడే చోట కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఎడమ పక్క పైనుంచి మొదలుపెడతాను. జుట్టు ఎంత రాలింది. కణతలు ఎంత గుంటపడ్డాయి. మెడ మీద కొత్త గీత. నా తమ్ముడి మొహం ఇంత వివరంగా నాకు ఎప్పుడూ తెలియదు. చెవి వెనక చిన్న మచ్చ ఉంది వాడికి. ఎత్తుకుని తిప్పినదాన్ని, ఆ మచ్చ నాకు తెలియదు. చూసిన కొద్దీ మనిషి దగ్గరవుతున్నాడు, దగ్గరైన కొద్దీ తక్కువవుతున్నాడు.

వర్షాల్లో ఒకసారి పచ్చబడ్డాడు. పైపు మార్చారు. తెల్లబడ్డాడు. అంటే ఉన్న ఒక్కసారీ అయిపోయింది.

ఈ మధ్యలో లంక మాటలు మేడ మీదికి కూడా ఎక్కాయి. మరదలు ఒకరోజు మెట్లెక్కి అమ్మాయి గది గుమ్మంలో నిలబడింది, వెనకాలే నేను. తిట్టటానికి కాదు, బతిమాలటానికి. "ఆ కంట్లో పసుపు చెరిపెయ్యమ్మా. తెలుపు వేసెయ్. నీకు పుణ్యం ఉంటుంది." బొమ్మలకి శక్తి లేదని జీవితమంతా చెప్పిన మనిషి. నేను నవ్వలేదు.

అమ్మాయి ఏడుస్తూ తెలుపు కలిపింది. కుంచె తీసింది. ఆ లోపు తమ్ముడు గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చాడు. బొమ్మ ముందు బల్ల మీద కూలబడ్డాడు. ఆయాసం తీరాక, నన్ను ఎగతాళి చేస్తున్నట్టు గాల్లో వేలు పెట్టి, ఎడమ పక్క పైనుంచి చదవటం మొదలుపెట్టాడు. ఎగతాళి కాస్త దూరం పోయాక ఆగిపోయింది. వేలు మాత్రం ఆగలేదు. చాలాసేపు చూశాడు. మేం ముగ్గురం పక్కకి జరిగి నిలబడ్డాం.

"వీడు నాకంటే బాగున్నాడక్కా" అన్నాడు.

తర్వాత అమ్మాయితో అన్నాడు. "తెలుపు వద్దులేమ్మా. నువ్వు ఉన్నది వేశావు. నువ్వే చూశావు. ఇప్పుడు చెరిపితే దాన్ని చూసినవాళ్ళు కూడా లేకుండా పోతారు."

"ఏమండీ" అంది మరదలు.

"నీకు కావాలంటే నా ఆధార్ ఫోటోకి తెలుపు వేయించుకో. అందులో ఎలాగూ దొంగలా ఉన్నాను."

అమ్మాయి కుంచె కడిగేసింది.

మొన్న పొద్దున ఎప్పటిలాగే గుమ్మంలో కుర్చీ వేశాను. వాన వెలిసి ఎండ శుభ్రంగా ఉంది. పైనుంచి మొదలుపెట్టాను. ఎడమ కన్ను, ముక్కు పక్కన మూల. బియ్యపు గింజంత. ఇంకెవరికీ కనపడదు. చెయ్యి అడ్డం పెట్టి నీడలో చూశాను, చెయ్యి తీసి ఎండలో చూశాను. గేటు మీది ఆకుల నీడ మొహాన పడుతోందేమోనని కుర్చీ జరిపించి చూశాను.

వాడు ఓపికపట్టాడు. బొమ్మకి కూర్చుని కదలకుండా ఉండటం అలవాటైనవాడు.

"పచ్చ కదూ" అన్నాడు.

నేను కుర్చీని మళ్ళీ ఎండలోకి జరిపాను.

"ఏ పచ్చక్కా? చెరువు పచ్చా, ఆ పచ్చా?"

నోరు పెరిగిన మనిషిని. ఇంతవరకు ఎవరి దగ్గరా ఏదీ దాచలేదు.

"ఆ పచ్చే" అన్నాను.

తలూపాడు. వంటింట్లో పెళ్ళాం గిన్నెలు కదుపుతోంది. అటు ఒకసారి చూసి, జేబులోంచి నల్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. "ఇవాళ దానికి చెప్పకు" అన్నాడు. "చెరువు మీదికి ఒకసారి పోయొస్తాను. నీళ్ళు ఎలా ఉన్నాయో."

రేపు బస్సుకి తీసుకెళుతున్నాను. అమ్మాయి కూడా వస్తానంది.

బొమ్మ ఎవరికీ ఏమీ అంటించలేదు. అది చూసింది, మేం చూడలేదు, అంతే. ఆ ఆదివారం పగలు ఆ హాల్లో, ఆ తర్వాత రోడ్డు మీద ఎండలో ఉన్నవాళ్ళు వీళ్ళు, ఎవరినైనా అడగొచ్చు: హాలు వాచ్‌మన్, వెనకాలే కిందికి దిగి వచ్చి మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. అప్పట్లో నా మాటకి దగ్గిన లెక్చరర్ గారే, మెట్ల మీద నుంచి చూశాడు. ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు, ఫోన్లు దించేశారు. మా మరదలు. బొమ్మ వేసినమ్మాయి. నేను. కింద ఎండలో కదలకుండా నిలబడి నా తమ్ముడు. పైన గోడ మీద, ఎవరూ లేని హాల్లో, నవ్వబోయి ఆగి, నా తమ్ముడు.